మైనం గొట్టాలు

పొద్దున్నే ఆ ఇంట్లో రెండు పొయ్యిలూ ఒకేసారి వెలిగేవి. ఒకదాని మీద టీ, రెండోదాని మీద మైనం. టీ ఆవిడది, మైనం ఆయనది. ఆయన పోయాక రెండో పొయ్యి వెలగడం మానేసింది. ఒక్క మనిషి వంటకు ఒక పొయ్యే ఎక్కువ. అయినా రోజూ రెండింటినీ తుడుస్తుంది. తుడుస్తూ, ఎక్కడైనా మైనం చుక్క గట్టిపడి మిగిలిందేమోనని గోటితో గీకి చూస్తుంది. ఒకప్పుడు ఆ చుక్కల కోసమే ఆయనతో తగువు పెట్టుకునేది. "పొయ్యి మీద కొవ్వొత్తులు పోసుకుంటున్నారా ఏంటి?" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు గీకడానికి చుక్క లేదు, తగువుకి మనిషి లేడు.

ఆయన పాత రేడియోలు బాగుచేసేవాడు. కొత్తవి ముట్టుకునేవాడు కాదు. లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలిగి, ఒళ్ళు వేడెక్కితేగానీ గొంతు విప్పని పెద్ద పెద్ద చెక్కపెట్టెలుంటాయి చూడండి, అవే. తాతల నాటివి, తండ్రుల నాటివి. జనం వాటిని అటకల మీంచి దింపి, దుమ్ము దులిపి, జ్వరమొచ్చిన పసిపిల్లల్ని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చేవారు. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. వీధిలో ఆయనకు 'నిదానం' అని పేరు. "నిదానం చేతిలో పెడితే మనవడి పెళ్ళికి తిరిగొస్తుంది" అని నవ్వుకునేవారు. కానీ తిరిగొచ్చిన పెట్టె పాడేది. పైగా వెనక అట్ట తీసి చూస్తే లోపల ఏదీ మారినట్టే ఉండేది కాదు. అవే వైర్లు, అదే మసకరంగు, అవే మైనం పూసిన గోధుమరంగు గొట్టాలు. "మా నాన్న వదిలి వెళ్ళినట్టే ఉందండీ" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ గొట్టాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. వాటిని కెపాసిటర్లంటారు. ఆయన మాత్రం పాత పద్ధతిలో కండెన్సర్లు అనేవాడు. ఆ కాలంలో కాగితాన్నీ పల్చటి రేకునీ కలిపి చుట్టచుట్టి, అట్ట గొట్టంలో దూర్చి, తడి తగలకుండా మైనంతో మూసేవారట. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కాగితం చెమ్మ పీలుస్తుంది. ఆపాల్సిన కరెంటును ఆపలేక కార్చేస్తుంది. అప్పుడు రేడియో గొంతు బొంగురుపోతుంది, వాల్వు కాగిపోతుంది, ఇంకా పట్టించుకోకపోతే పెట్టే తగలబడుతుంది. "పాత రేడియో ఏదొచ్చినా ముందు మార్చాల్సింది వీటినే" అని ఆయన ఎప్పుడో అన్నం తింటూ చెప్పాడు. ఆవిడ చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయినా, విన్నమాట మరిచిపోయే మనిషి కాదు.

మార్చాలని చెప్పాడుగానీ ఎలా మారుస్తాడో ఆయన ఎన్నడూ చెప్పలేదు. మైనం గిన్నె పట్టకారుతో పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకునేవాడు. "మనింట్లో మనకి గడియేంటి?" అంటే, "గాలి తగిలితే మైనం గడ్డకడుతుంది" అనేవాడు. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ ఆ గడియ వైపు అనుమానంగా చూసేది. తర్వాత్తర్వాత చూడటం మానేసింది. అనుమానం కూడా పాతబడితే విరిగిన కుర్చీలాగా ఓ మూల పడి ఉంటుంది, పారేయరు, కూర్చోరు.

ఆ కుర్చీని మళ్ళీ నడింట్లోకి లాగింది ఆడపడుచు. పక్కవీధిలోనే ఉంటుంది. వచ్చి, అడగకుండానే టీ గిన్నె మూత తీసి చూసి, ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"వదినా, చెప్పాలో వద్దో తెలీట్లేదు."

"చెప్పకుండా లేచే మనిషివి కాదుగా. చెప్పు."

"టైలరుగారి రేడియో గుర్తుందా? అన్నయ్య చివర్లో చేసింది?"

గుర్తులేకపోవడమేంటి. దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే, చేతులు వణుకుతుంటే, "ఇదొక్కటీ ఇచ్చేసి పడుకుంటా" అంటూ చేశాడు. ఇచ్చేశాడు, పడుకున్నాడు, మరి లేవలేదు.

"అది గొంతు మారిపోయిందట. కాలిన వాసన కూడా వచ్చిందట. అద్దాల మెకానిక్‌ని పిలిచి చూపిస్తే, విప్పేసరికి లోపల..." ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా ఆడపడుచు గొంతు తగ్గించింది. "అన్నీ పాతవేనట వదినా. ఒక్కటి కూడా మార్చలేదట. పైపైన మైనం పూసేసి కొత్తవి వేశానని చెప్పాడట. ఇంకెంతమందికి ఇలా చేశాడోనని అంటున్నారు."

"ఎవరు?"

"అందరూ."

"అందరూ అంటే నువ్వూ ఉన్నావా అందులో?"

"నా మీద పడతావేం? అన్నయ్యని అంటే నాకూ కాలుతుంది. కానీ నిప్పు లేందే పొగ రాదంటారు కదా."

"రేడియోలోంచి పొగొస్తే మీ అన్నయ్యని నిప్పుని చేసేశావన్నమాట."

ఆడపడుచు తీసిన మూత మళ్ళీ టీ గిన్నె మీద పెట్టింది. తర్వాత, లోపల దాచుకోలేనట్టు, "చిన్నప్పుడు ఇంట్లో గోడగడియారం విప్పి మళ్ళీ బిగించాడు. ఒక చక్రం మిగిలిపోయింది. దాన్ని పెరట్లో పాతిపెట్టి, అమ్మ అడిగితే అన్నీ పెట్టేశానన్నాడు. నేను చూశాను" అంది.

"గడియారం నడిచిందా?"

"నడిచింది."

"మరింకేం?"

"నడిచిందిగానీ గంట కొట్టేది కాదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇద్దరికీ కోపమొచ్చింది. ఆడపడుచు టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. ముందు అనుమానం అద్దాల మెకానిక్ మీదికి వెళ్ళింది. ఫోన్లకి పగిలిన అద్దాలు మారుస్తాడు కాబట్టి అతనికాపేరు. ఆయన పోయి నెల తిరక్కుండానే వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, ముందుగదిలో సామానంతా ఒకేసారి కొనేస్తానన్నాడు. ఇవ్వనంది. ఇప్పుడు పేరు చెడితే సామాను చవగ్గా వస్తుందని ఎత్తు వేశాడేమో. కాసేపటికి అనుమానం ఆడపడుచు మీదికి మళ్ళింది. ముందుగది ఊరికే పడి ఉంది, అద్దెకిస్తే నాలుగు రాళ్ళొస్తాయని ఆడపడుచే ఒకటికి రెండుసార్లు అంది. మబ్బు ముఖం పెట్టుకుని ఈ కబురు మోసుకురావడంలో ఆ ఉద్దేశం ఏమైనా ఉందేమో. ఇలా వీధిలో అందరి మీదా తిప్పి తిప్పి చివరికి ఎవరి మీద ఆపాలో ఆవిడకు తెలుసు. అక్కడ ఆపడానికే చేయి రావడం లేదు.

ముందుగది తలుపు తీసింది. మూసి ఉన్న గది కాబట్టి ఆయన వాసన అలాగే ఉంది, మైనం, టంకం పొగ, కొంచెం దగ్గుమందు. బల్ల మీద సగం విప్పిన రేడియో ఒకటి బోర్లా పడుకుని ఉంది. దాని కడుపులోకి తొంగిచూసింది. గోధుమరంగు గొట్టాలు. పాతవి. బీరువా మీదున్న తమ సొంత రేడియో దింపి, వెనక మరలు తిప్పి అట్ట తీసింది. అవే గొట్టాలు. పాతవి. సొరుగు లాగితే ఒక కవరు దొరికింది. అందులో పసుపుపచ్చగా, మింగే మాత్రల్లా నున్నగా, రెండు కొసలా తీగలున్న కొత్త కెపాసిటర్లు. ఇలాంటి కవర్లు పోస్టులో వస్తూనే ఉండేవి. ఎన్నోసార్లు సంతకం పెట్టి తీసుకున్నది తనే. మరి కొన్నవన్నీ ఎటు పోయాయి? ఏ రేడియోలోనూ పసుపుపచ్చది ఒక్కటీ కంటికి కనబడదేం?

బల్ల కింద ఇంకో వస్తువు కనబడింది. గోధుమరంగు చెప్పుల పాలిష్ డబ్బా. మూత చుట్టూ మైనం గడ్డకట్టి ఉంది. ఒకరోజు ఆయన వంటింట్లోకొచ్చి, "ఏమే, మైనం మరీ తెల్లగా ఉంది. పాతదానిలా కనబడాలంటే ఏం కలపాలంటావ్?" అని అడిగాడు. "ఆ పాలిష్ కలిపి చూడండి" అని డబ్బా చేతికిచ్చింది తనే. సరిగ్గా కుదిరిందని ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. అప్పుడు తమాషాగా అనిపించింది. ఇప్పుడు ఆ డబ్బాని దూరంగా బల్ల చివరికి జరిపింది. పాతదాన్ని కొత్తదిగా చూపించేవాళ్ళని లోకంలో చాలామందిని చూశాం. పాతగా కనబడాలని రంగు కలిపేవాడికి ఏం అవసరం? లోపల ఏం చేస్తున్నాడు ఈ మనిషి, ఇన్నేళ్ళూ, గడియ పెట్టుకుని?

ఆయన ఆస్తులేమీ పెట్టి పోలేదు. నిదానమే అయినా నిజాయితీ మనిషి అన్న పేరొక్కటే పెట్టి పోయాడు. ఆవిడ దాన్నే కప్పుకుని బతుకుతోంది. వీధిలోవాళ్ళు దాన్ని లాగేస్తే లాగేశారు, వాళ్ళతో ఎలాగోలా వేగొచ్చు. కానీ తను కాపురం చేసింది మోసగాడితోనా, కాదా? అది తేలకపోతే ఆయన కోసం ఏడవడం కూడా ఎలాగో ఆవిడకు తెలియలేదు. తలుపు దగ్గరగా వేసి టైలరు కొట్టుకి నడిచింది.

టైలరు ముసలాయన. మెడలో టేపు, చెవిలో పెన్సిలు. కొట్టు నిండా గుడ్డపీలికలు, ఇస్త్రీపెట్టె వేడి, మిషను నూనె వాసన. కత్తిరించే బల్ల మీద ఒక చివర రేడియో లోపలి భాగం బయటికి తీసి, తిరగేసి పెట్టి ఉంది. పక్కన ఖాళీ చెక్కపెట్టె.

"రా తల్లీ, కూర్చో."

"కూర్చోడానికి రాలేదన్నయ్యగారూ. రేడియో చూద్దామని."

టైలరు మెడలో టేపు తీసి మళ్ళీ వేసుకున్నాడు. "నా నోటితో నేనొక్క మాట అనలేదమ్మా. ఒట్టు."

"మీరు అనలేదు. కాదని కూడా అనలేదుగా."

టైలరు తల దించుకుని, గుమ్మంలోకి వెళ్ళి, ఎదురు కొట్టు వైపు తిరిగి గట్టిగా కేకేశాడు. అద్దాల మెకానిక్ మీటరు చేతిలో పట్టుకునే వచ్చాడు. ఆవిడని చూసి గుమ్మంలో ఒక క్షణం ఆగాడు.

"అక్కా, నాకు ఆయన మీద పగేం లేదు. కళ్ళతో చూసింది చెప్పానంతే."

"సామాను ఇవ్వనన్నాక చూశావా, అంతకుముందే చూశావా?"

మెకానిక్ ముఖం కందిపోయింది. "ఆ సంగతికీ దీనికీ ముడి పెడతారేంటి?"

"ముడి పెట్టడం నీ దగ్గరే నేర్చుకున్నా. ఒక పెట్టె చెడితే మనిషి జీవితానికే ముడి పెట్టావు."

"సరే, మీరే చూడండి." మెకానిక్ ముందే విడదీసి పెట్టిన ఒక గొట్టాన్ని తీశాడు. "ఇది మామూలు చోట ఉండేది కాదు. దీనికి ఇటువైపు గట్టి కరెంటు. అటువైపు స్పీకరుని మోగించే పెద్ద వాల్వు. మధ్యలో ఇది గుమ్మంలో కాపలావాడిలా నిలబడాలి. పాటని పోనివ్వాలి, కరెంటుని ఆపాలి. మంచిదైతే మీటరు ముల్లు ఒకసారి లేచి మళ్ళీ పడుకుంటుంది." రెండు తీగలకీ మీటరు తగిలించాడు. ముల్లు లేచింది. లేచి అక్కడే నిలబడింది. "చూశారా? కాపలావాడే దొంగల్ని లోపలికి పంపిస్తున్నాడు. వాసనొచ్చింది అందుకే."

"మిగతావి చూశావా?"

"చూడ్డానికేముంది? పాతవని కంటికే కనబడుతుంటే మీటరెందుకు? అన్నీ ఒకే తానులో ముక్కలు."

తన వృత్తి మాట వినబడేసరికి టైలరు అలవాటుగా తలూపబోయి, ఆవిడ ముఖం చూసి ఆపేశాడు.

"దాన్ని కోయండి," అంది ఆవిడ.

టైలరు కుట్లు విప్పే బ్లేడు తీసి, గొట్టాన్ని నిలువునా చీల్చాడు. లోపల నల్లబడ్డ కాగితం, రేకు, చెమ్మకి ఒకదానికొకటి అంటుకుపోయిన చుట్ట. ఎండిపోయిన చెట్టుబెరడులా పొరలు పొరలుగా లేచింది. మెకానిక్ దాన్ని ఆవిడ ముందుకి జరిపాడు. ఆవిడ గొట్టం పైమైనాన్ని గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుంది. చెప్పుల పాలిష్ వాసన.

"మైనం మాత్రం కొత్తది," అంది. ఎందుకు చెప్పిందో తనకే తెలియలేదు. తను ఊరుకుంటే సరిపోయేది. 

"అదేగా నేను మొత్తుకుంటున్నది!" మెకానిక్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "పైపూత కొత్తది, లోపల పాతది. దీన్నేమంటారు మీరే చెప్పండి."

"ఏమంటారో నాకు తెలుసు."

టైలరు మధ్యలోకి వచ్చాడు. "పోనీలే తల్లీ. మనిషి జబ్బుతో ఉన్నాడు. చేతకాలేదు. పోయినవాళ్ళని అనుకుని ఏం లాభం, పోనీ."

తిడితే పడేదేమో. ఆ 'పోనీ' మాత్రం చెంప మీద కొట్టినట్టు తగిలింది. అందాకా నిలబడే ఉన్న మనిషి ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"ఇంకోటి కోయండి."

టైలరు బ్లేడు వెనక్కి పెట్టుకున్నాడు. "మా నాన్న రేడియో అమ్మా ఇది. బాగున్నవాటిని కూడా కోసేస్తే..."

"బాగున్నది ఒక్కటీ లేదన్నారుగా. మరి కోస్తే పోయేదేముంది?"

టైలరు మెకానిక్ వైపు చూశాడు. మెకానిక్ మీటరు వైపు చూశాడు.

"ఏది కోయమంటారు?" అన్నాడు మెకానిక్ చివరికి.

"నేను చూపిస్తే మీరు అనుమానిస్తారు. నువ్వు చూపిస్తే నేను అనుమానిస్తాను. అన్నయ్యగారినే గీత పెట్టమను."

టైలరు చెవిలో పెన్సిలు తీయబోయి, అది కాదనుకుని, గుడ్డ మీద గీసే సుద్దముక్క తీశాడు. కళ్ళు మూసుకుని, చూపుడువేలితో తడిమి, ఒక గొట్టం మీద గీత పెట్టాడు. మెకానిక్ టంకం కరిగించి దాన్ని విడదీశాడు. బ్లేడు దిగింది. మైనం పెళుసుగా విరిగింది.

లోపల కాగితం లేదు, రేకు లేదు. నీలంరంగు గుడ్డపీలిక ఒకటి, సన్నగా, గట్టిగా చుట్టి ఉంది.

"ఇది నా కొట్టు పీలిక!" అన్నాడు టైలరు. "బడిపిల్లల చొక్కాల గుడ్డ. తుడుచుకోడానికని పిడికెడు పట్టుకెళ్ళేవాడు ఎప్పుడూ. నేను కూడా..." మాట ఆపి పీలిక కొస పట్టుకుని లాగాడు. అది విప్పుకుంటూ విప్పుకుంటూ వచ్చి, చివర్న పసుపుపచ్చని మాత్ర లాంటిది బల్ల మీద పడింది.

"ఆగండి ఆగండి." మెకానిక్ అందరికంటే ముందు దాన్ని అందుకున్నాడు. మీటరు పెట్టాడు. ముల్లు లేచింది, బుద్ధిగా పడుకుంది. ఈసారి బ్లేడు అతనే తీసుకున్నాడు. ఎవర్నీ అడగకుండా ఇంకో గొట్టం విడదీసి కోశాడు. మళ్ళీ నీలం పీలిక, మళ్ళీ పసుపుపచ్చది.

"పాతదాని కడుపు ఖాళీ చేసి, కొత్తదాన్ని గుడ్డలో చుట్టి లోపల పెట్టి, మళ్ళీ మూసేశాడు," అన్నాడు మెల్లగా. "ఎవడు చేస్తాడక్కా ఇంత పని? పాతది తీసి పారేసి, అక్కడ కొత్తది అంటిస్తే క్షణంలో అయిపోతుంది."

"కోటుకి పైగుడ్డ ముట్టుకోకుండా లైనింగు మార్చినట్టు," అన్నాడు టైలరు. "మా నాన్న పెట్టె మా నాన్న పెట్టెలాగే ఉండాలని నేనే అడిగాను. ఇలా చేస్తాడని మాత్రం... నిదానం నిదానం అని ఎన్నిసార్లు నవ్వానో."

వాళ్ళిద్దరి ముఖాలూ విప్పారాయి. ఆవిడ ముఖం మాత్రం అలాగే ఉంది.

"మరి మొదటిది?"

టైలరు పీలికని బల్ల మీద పెట్టేశాడు.

మెకానిక్ కోసిన గొట్టాలు మూడింటినీ తీసుకుని, చీల్చిన అంచులు దగ్గరికి నొక్కి, చీలిక కిందికి వచ్చేలా బల్ల మీద పేర్చాడు. చాలాసేపు చూశాడు. వాటిని అటూ ఇటూ మార్చాడు. "ఇందులో మొదటిది ఏదో చెప్పండి," అన్నాడు.

టైలరు కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూసి, ఒకటి చూపించాడు. మెకానిక్ తిప్పాడు. కాదు.

"నాక్కూడా తెలీట్లేదు. ఆయనక్కూడా తెలియలేదేమో. చేసినవి ఒక పక్క, చేయాల్సినవి ఒక పక్క పెట్టుకుని ఉంటాడు. ఒకటి ఇటు దొర్లితే చాలు. చివర్లో అన్నింటినీ కలిపి మైనంలో ముంచుతాడు. ముంచాక కన్నతల్లికి కూడా తెలీదు ఏది ఏదో. పాతదానిలా ఉండాలని అంత బాగా చేస్తే చేసినవాడే మోసపోతాడు."

ఆ మాట వినేసరికి ఆవిడకు ఒక పొద్దుట గుర్తొచ్చింది. మూసిన తలుపు వెనక ఏదో కిందపడి దొర్లిన చప్పుడు. "ఏం పడింది?" అని తను వంటింట్లోంచి అడగడం. "ఏం లేదులే, దొరికింది" అని ఆయన అనడం, వెంటనే దగ్గు. ఆ దొరికిందేనా ఇది? వణికే చేత్తో నేలమీంచి ఏరి ఏ పక్క పెట్టాడు? చెప్పడానికి ఆయన లేడు. దొర్లింది ఏ స్క్రూనో, ఏ మూతో కూడా అయి ఉండొచ్చు.

"ఇవన్నీ మనం అనుకోవడమే," అంది ఆవిడ. "ఓపిక చాలక కావాలనే ఒకటి వదిలేసి ఉండొచ్చుగా?"

"ఓపిక చాలనివాడు పీలికలు చుడతాడా అక్కా?" మెకానిక్‌కి కోపమొచ్చింది. "వదిలేసేవాడు ఏదో పనికిమాలిన చోటుది వదిలేస్తాడు. అన్నిటికంటే ముఖ్యమైనదాన్ని వదిలేస్తాడా? ఆయనకి తెలీదా?"

"ఇప్పుడు నువ్వు ఆయన తరఫున మాట్లాడుతున్నావేంటి?"

"నేనెవరి తరఫునా కాదు. పని చూసి మాట్లాడుతున్నా."

"ఇందాక కూడా పని చూసే మాట్లాడానన్నావు."

టైలరుకి నవ్వొచ్చి, టేపు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మెకానిక్ మిగతా గొట్టాల తీగలు ఒక్కొక్కటే విడదీసి మీటరు పెట్టాడు. కోయాల్సిన పని లేకపోయింది. ప్రతిదానికీ ముల్లు లేచి పడుకుంది. 

ఆవిడ ఊపిరి పీల్చుకుందని వాళ్ళనుకున్నారు. సగమే పీల్చుకుంది. ఈ పెట్టె తేలింది. ఆయన చేయి వణకడం మొదలయ్యాక చేసిన పెట్టెలు ఇంకా ఎన్నో ఇళ్ళల్లో ఉన్నాయి.

"తప్పు తప్పే అన్నయ్యగారూ," అంది. "ఆ వాసనొచ్చినప్పుడు మీరు పక్కన లేకపోతే ఈ గుడ్డలన్నీ అంటుకునేవి."

"అంత మాటెందుకు తల్లీ..."

"అనాలి. అనకుండా మీరు మళ్ళీ పోనీ అంటారు." మెకానిక్ వైపు తిరిగింది. "రేపు బయట అడిగితే ఏం చెప్తావు?"

"మోసం లేదని చెప్తా."

"చెప్పు. పొరపాటు లేదని మాత్రం చెప్పకు. చివర్లో ఆయన చేసినవి ఎవరింట్లో ఉన్నా తెచ్చుకోమను. మీటరు పెట్టి చూడు. ముందుగదిలో సగం విప్పినదొకటి ఉంది, అది కూడా చూడాలి. సామాను అమ్మను. వచ్చి చూస్తే మాత్రం తలుపు తీస్తా."

"చెప్పులు బయట విప్పి వస్తాలే అక్కా," అన్నాడు మెకానిక్.

పాడైన గొట్టం ఉన్నచోట మెకానిక్ తన కొట్టులోంచి పసుపుపచ్చని కొత్తది తెచ్చి అంటించాడు. కోసిన మిగతా రెండింటినీ తిరిగి మూయాలి. మైనం ఎక్కడ తేవాలా అని చూస్తుంటే టైలరు దారానికి రాసుకునే మైనపుముద్ద సొరుగులోంచి తీశాడు. బొత్తాల డబ్బా మూతలో దాన్ని వేసి, ఇస్త్రీపెట్టెని వెల్లకిలా పెట్టి, దాని మీద కరిగించారు. ఆయన చేస్తుంటే ఆవిడ ఎన్నడూ చూడలేదు. కానీ మైనం ఎప్పుడు పొగ కక్కుతుందో, ఎప్పుడు దించాలో పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి తెలియకపోదు. పసుపుపచ్చదాని చుట్టూ పీలిక మళ్ళీ చుట్టింది. మొదటిసారి వదులైంది, విప్పి మళ్ళీ చుట్టింది. మెకానిక్ చిన్న పట్టకారుతో గొట్టాన్ని పట్టుకుంటే, చీలిక పొడుగునా చెంచాతో మైనం పోసింది. ఒకటి అయింది. రెండోది ఇంకా బాగా వచ్చింది. మెకానిక్ వాటిని వాటి చోట్లలో అంటించి, కరెంటు పెట్టాడు. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. కాసేపటికి ఎవరో ఎక్కడో వాతావరణం గురించి చెబుతున్న గొంతు వచ్చింది. బొంగురు లేదు. టైలరు ముక్కు దగ్గరగా ఆనించి వాసన చూశాడు. ఏమీ లేదు.

కరెంటు తీశాక టైలరు మొదటి గొట్టాన్ని తీసుకున్నాడు. లోపలి కుళ్ళంతా గోకి, నోటితో ఊది, తన కండువాతో తుడిచాడు. దానికి తగ్గ నీలం పీలిక కూడా తనే కత్తిరించాడు.

"ఆ కొత్తదాన్ని కూడా ఇందులో పెట్టి మూసేయి తల్లీ. అప్పుడు మా నాన్న పెట్టె మళ్ళీ మా నాన్న పెట్టెలా ఉంటుంది. మైనం ఇంకా ఉంది. చేయి కూడా తిరిగింది నీకు."

"చేయి తిరిగింది కాబట్టే వద్దన్నయ్యగారూ."

"అదేం మాటమ్మా?"

"ఇది కూడా మూస్తే అన్నీ ఒక్కలాగే అయిపోతాయి. ఏది ఆయన చేసిందో, ఏది వదిలేసిందో రేపు నాక్కూడా తెలీదు. వెనక అట్ట తీసినవాళ్ళకి కనబడనివ్వండి. ఇదేంటని అడిగితే చెప్పండి."

టైలరు అర్థం చేసుకున్నట్టు తలూపాడుగానీ, గొట్టాన్నీ పీలికనీ మెల్లగా ఆవిడ ముందుకి జరిపాడు, ఇంకా ఆశ చావక. రేడియో కడుపులో గోధుమరంగు గొట్టాల మధ్య పసుపుపచ్చది ఒక్కటి ఒంటిమీద గుడ్డ లేకుండా కూర్చుని ఉంది. ఆవిడ ఇస్త్రీపెట్టె ప్లగ్గు లాగేసింది. మూతలో మైనం అంచుల నుంచి మెల్లగా మసకబారుతోంది. అది గడ్డకట్టేదాకా ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.